దసరాకు విత్తు, సంక్రాంతికి కోత

(సంఘం వార్షిక సమావేశంలో యువత కోసం ఆన్‌లైన్‌లో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో ఎప్పుడూ పెద్ద విషయాలే మాట్లాడుకుంటాం. 1/70 చట్టం, అటవీ హక్కుల పట్టాలు, ఉద్యోగ నోటిఫికేషన్లు, రోడ్డు లేని ఊళ్ళు. అవన్నీ మాట్లాడుకోవాల్సినవే. ఈసారి పెద్దలు మాకు ఇచ్చిన అంశం మాత్రం చిన్నదిగా కనిపిస్తుంది: వానలు తగ్గి చలి మొదలయ్యే ఈ రోజుల్లో ఇంటి పెరట్లో చిన్నపిల్లలతో కలిసి విత్తనం వేయడం. ముల్లంగి గింజల గురించి యువతకు ప్రసంగమేమిటని మీలో కొందరు నవ్వుకుంటూ ఉండవచ్చు. కాసేపు వినండి. ఇందులో మనం పోగొట్టుకోకూడని సంగతి ఒకటి ఉంది.

ముందు మా గురించి రెండు మాటలు. మేమిద్దరం పాడేరులో అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఒకరం బడిలో పాఠాలు చెబుతాం, ఒకరం ఆరోగ్య కేంద్రంలో పని చేస్తాం. మాకు నాలుగేళ్ళ పాప ఉంది. ఇంటి వెనక రెండు నులక మంచాలు వేస్తే నిండిపోయేంత పెరడు ఉంది. రెండేళ్ళుగా దసరా దాటగానే ముగ్గురం కలిసి ఆ పెరట్లో దిగుతున్నాం. ఊరి నుంచి నాయనమ్మ వస్తే నలుగురం. ఈ మాటలు మేమిద్దరం కలిసి రాసుకున్నవి.

ఎందుకు ఇప్పుడే

ఈ సభలో వింటున్న మీలో ఎక్కువమంది మాలాగే ఆశ్రమ పాఠశాలల్లోనో గురుకులాల్లోనో చదువుకున్నవాళ్ళు. ఒకటో తరగతికో మూడో తరగతికో రేకు పెట్టె పట్టుకుని ఇల్లు వదిలినవాళ్ళు. ఆ బడి మనకు అక్షరం ఇచ్చింది, అన్నం పెట్టింది, ఈ రోజు ఈ తెర ముందు కూర్చునే దారి చూపించింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటానికి మేము రాలేదు.

కానీ ఒక లెక్క చూడండి. పిల్ల మూడేళ్ళకు అంగన్‌వాడీకి పోతుంది. ఆరేళ్ళకు బడిలో చేరుతుంది. ఆ తర్వాత సంవత్సరంలో ఎక్కువ రోజులు హాస్టల్లోనే. అంటే చేత్తో మట్టి పట్టుకుని, చెప్పింది అర్థం చేసుకుని, అమ్మానాన్నల పక్కన కూర్చుని నేర్చుకునే వయసులో ఆ పిల్లకు దొరికేవి మూడు శరదృతువులు, మూడు దసరాలు. మా పాపకు ఇంకా రెండు మిగిలాయి.

ఆ మూడేళ్ళలో చూసిన పని పిల్లకు ఊరికే ఉండిపోతుంది. ఏ మొక్క కలుపో, ఏ మొక్క కూరో ఆకు చూసి చెప్పగలగడం, చిక్కుడు గింజ ఎండిందో లేదో పంటితో కొరికి తెలుసుకోవడం, గుమ్మడికాయ ముదిరిందని తొడిమ చూసి గుర్తుపట్టడం, ఇవేవీ పుస్తకంలో లేవు, పరీక్షలో రావు. మన పెద్దవాళ్ళకు ఇవన్నీ తెలుసు. మన తరంలో సగం తెలుసు. వచ్చే తరానికి ఎంత తెలుస్తుందనేది ఈ మూడు దసరాల్లో మనం ఏం చేశామన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మా ప్రసంగం మొత్తంలో చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. మిగిలినదంతా ఆ పని ఎలా చేయాలన్నది.

వాన వెనక్కి తగ్గాక

మన ఏజెన్సీలో పంట అంటే వానాకాలమే గుర్తుకొస్తుంది. కొండపోడులో సామ, చోడి, కంది, జొన్న అన్నీ తొలకరితో మొదలవుతాయి. అయితే ఇంటి పెరడుకు, అందులోనూ చిన్నపిల్లలకు, అక్టోబరు, నవంబరు నెలలే మంచివి. వానలో గింజ కొట్టుకుపోతుంది, నారు కుళ్ళుతుంది, పిల్ల తడిసి జలుబు తెచ్చుకుంటుంది. ఎండాకాలంలో నీళ్ళకే కరువు. దసరా దాటాక నేలలో ఇంకా తడి ఉంటుంది, ఎండ నెత్తి మాడ్చదు, మన్ను చేత్తో నలిపితే పొడిపొడిగా రాలుతుంది. వలిసె పువ్వు కొండ వాలు మొత్తం పసుపు పూసినట్టు విచ్చుకునే రోజులవి. ఆ రోజుల్లో పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడమే కష్టం.

ఒక జాగ్రత్త. అక్టోబరు తుపాన్ల నెల కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మన కాఫీ తోటల్లో నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు ఎలా పడిపోయాయో మీ ఇళ్ళలో చెబుతూనే ఉంటారు. కాబట్టి నారు పోసిన డొప్పల్ని వసారాలో పెట్టుకోండి. ఆకాశం తేటపడ్డాక మడిలోకి మార్చండి. పందిరి గుంజలు లోతుగా పాతండి.

ఇంకో జాగ్రత్త చలి గురించి. లంబసింగి, చింతపల్లి వైపు డిసెంబరులో రాత్రి చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగే రోజులు ఉంటాయి. టమాటా, చిక్కుడు లాంటి వాటికి ఆ మంచు పడదు. సాయంత్రం వరిగడ్డి కప్పి పొద్దున్న తీసేస్తే మొక్క నిలబడుతుంది. ముల్లంగి, ఆవ, బఠాణీ, వెల్లుల్లి చలిని ఓర్చుకుంటాయి. మైదానంలో ఉన్న మీకు ఈ ఇబ్బంది లేదు.

చిన్న చేతులకు ఏ గింజ

నాలుగేళ్ళ పిల్లకు ఓపిక తక్కువ. ఈ రోజు వేసి రేపు పొద్దున్నే చూస్తుంది. అందుకని మొదటి రోజు త్వరగా మొలిచే గింజలే చేతిలో పెట్టాలి. ముల్లంగి, మెంతి, ఆవాలు మూడు నుంచి ఐదు రోజుల్లో తల ఎత్తుతాయి. చలి ఎక్కువైతే ఇంకో రెండు రోజులు. మెంతికూర నెల తిరగకుండానే కోతకు వస్తుంది. ముల్లంగి 40, 45 రోజుల్లో దుంప దిగుతుంది. పిల్ల తానే పీకి, తానే కడిగి, తానే కొరుకుతుంది. మా పాప కూర తినదని మొదట్లో మాకు బెంగ ఉండేది. తన మడిలో మెంతికూర వేసి వండిన పప్పు మాత్రం ఇంకాస్త పెట్టమని అడిగి తింటుంది.

ధనియాలకు ఓపిక కావాలి. పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది. పైగా ధనియం గింజ చూడటానికి ఒకటిలా ఉంటుంది కానీ లోపల రెండు గింజలు ఉంటాయి. చెప్పు అడుగుతోనో చపాతీ కర్రతోనో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి వేయాలి. ఆ నలిపే పని పిల్లకు ఇవ్వండి. ఎంత శ్రద్ధగా చేస్తుందో చూడండి.

వెల్లుల్లి పిల్లలకు భలే ఇష్టమైన పంట. రెబ్బ విడదీయాలి, మొన పైకి ఉండేలా నాటాలి. ఏది పైన, ఏది కింద అన్నది వేలితో తడిమి చూసుకుంటారు. కాకపోతే గడ్డ కట్టడానికి నాలుగు నెలలకు పైనే పడుతుంది. ఈలోగా ఆకు తుంపి చట్నీలో వేసుకోవచ్చు.

టమాటా, వంగ, మిరప నారు పోయడానికి ప్లాస్టిక్ ట్రేలు కొనక్కర్లేదు. మన అడ్డాకు డొప్పలు ఉన్నాయి. డొప్పలో సగం మన్ను, సగం మాగిన గత్తం కలిపి నింపి, రెండేసి గింజలు వేస్తే చాలు. నారు జానెడు ఎదిగాక డొప్పతో సహా గుంతలో పెట్టేయవచ్చు. డొప్ప మట్టిలో కలిసిపోతుంది, వేరు కదలదు. డొప్ప కుట్టడం నాయనమ్మ నేర్పుతుంది. పుల్ల గుచ్చే పని పెద్దవాళ్ళది, మన్ను నింపే పని పిల్లది.

ఇక చిక్కుడు. మన ఇళ్ళలో తొలకరికే పాదు పెట్టేస్తారు. అది జూన్‌లో మొలిచినా, పందిరి అంతా పాకినా, అక్టోబరు దాకా పువ్వు ఊసే ఉండదు. నాటు చిక్కుడు పగలు పొట్టిగా, రాత్రి పొడుగ్గా మారితేనే పూస్తుంది. అందుకే దసరాకు మొగ్గ, సంక్రాంతికి కాయ. పండక్కి ప్రతి ఇంట్లో చిక్కుడుకాయ కూర ఎందుకు ఉంటుందో ఇప్పుడు తెలిసిందా? మన తాతలు పగటి పొడవును గడియారంతో కొలవలేదు. చిక్కుడు పువ్వును చూసి తెలుసుకున్నారు. వానకాలంలో పాదు పెట్టుకోని వాళ్ళు ఇప్పుడు పొట్టి రాజ్మా వేసుకోండి, సుమారు 90 రోజుల్లో గింజ చేతికి వస్తుంది.

పిల్లతో పని చేసే పద్ధతి

మేము పాటించే పద్ధతులు కొన్ని చెబుతాం. మీ ఇంట్లో చెల్లో తమ్ముడో అక్క కూతురో ఉంటే మీరూ పాటించి చూడండి.

పిల్లకు తనదైన మడి ఇవ్వాలి. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు చాలు. చుట్టూ రాళ్ళు పేర్చుకునే పని తనదే. ఆ రాళ్ళ లోపల ఏం జరిగినా మనం చేయి పెట్టకూడదు. తను వేసిన సాలు వంకరగా ఉంటే ఉండనివ్వండి. వంకర సాలులో కూడా ముల్లంగి నిటారుగానే దిగుతుంది.

గింజ మొలిచిందో లేదో చూడటానికి పిల్ల మన్ను తవ్వుతుంది. తవ్వనివ్వండి. అందుకోసమే నాలుగు గింజలు ఎక్కువ వేయాలి. తెల్లటి వేరు కిందికి, పచ్చటి మొలక పైకి పోవడం కళ్ళారా చూసిన పిల్లకు మళ్ళీ ఆ పాఠం చెప్పక్కర్లేదు.

నీళ్ళు పోయడానికి పాత డబ్బా అడుగున మేకుతో పది చిల్లులు పెట్టి ఇవ్వండి. చెంబుతో పోస్తే గింజ పైకి తేలుతుంది. చిల్లుల డబ్బాతో వాన చినుకులా పడుతుంది. నీళ్ళు పొద్దున్న పూటే పోయాలి. చలి రాత్రి ఆకు తడిగా ఉంటే తెగుళ్ళు వస్తాయి.

కొలతలు మన ఒంటి కొలతలే వాడండి. బెత్తెడు, జానెడు, మూరెడు, పిడికెడు, చేరెడు. ముల్లంగి గింజకూ గింజకూ బెత్తెడు ఎడం. టమాటా మొక్కకూ మొక్కకూ మూరెడు. మిరప గింజ లోతు గోరంత, రాజ్మా గింజ లోతు వేలి మొదటి కణుపు అంత. నాన్న జానెడులో తన జానలు ఎన్ని పడతాయో మా పాప కొలుచుకుని చూస్తుంది. రేపు బడిలో స్కేలు పట్టుకున్నప్పుడు కొలత అంటే ఏమిటో ఆమెకు కొత్తగా చెప్పాల్సిన పని ఉండదు.

చిక్కుడు తీగ కొసలకు నల్లటి పేనుబంక పడుతుంది. పొద్దున్నే మంచు తడి ఉండగా పొయ్యిలోని చల్లారిన బూడిద జల్లెడ పట్టి చల్లితే తగ్గుతుంది. బూడిద చల్లడం పిల్లలకు పండగే. గాలి వాలు చూసి నిలబెట్టండి, కళ్ళలో పడకుండా.

ఆరోగ్య కేంద్రం వైపు నుంచి కొన్ని మాటలు

మాలో ఒకరి ఉద్యోగం ఇదే కాబట్టి ఈ భాగం కాస్త గట్టిగా చెబుతాం.

వానలు తగ్గిన ఈ నెలల్లోనే మన ప్రాంతంలో జ్వరాలు ఎక్కువ. పెరట్లో కొబ్బరి చిప్పలు, పగిలిన కుండలు, పాత టైర్లలో నిలిచిన నీళ్ళలో దోమ గుడ్లు పెడుతుంది. విత్తనం వేసే ముందు పిల్లతో కలిసి ఈ నీళ్ళన్నీ ఒలకబోసే పని చేయండి. ప్రతి వారం చేయండి. నీళ్ళ డ్రమ్ముకూ, తొట్టికీ మూత ఉండాలి. పసిపిల్లలకు బకెట్టు లోతు కూడా ప్రమాదమే.

పొదలు, గడ్డి దుబ్బుల్లో ఉండే కంటికి ఆనని నల్లి కుడితే స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. కుట్టిన చోట నల్లటి పెచ్చు కడుతుంది. కొందరిలో అది కనబడదు కూడా. పిల్లకు జ్వరం రెండు మూడు రోజులు తగ్గకపోతే నాటుమందుతో ఆగిపోకుండా ఆసుపత్రికి తీసుకురండి. పెరట్లో పని చేశాడని, గడ్డిలో ఆడాడని డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాట వైద్యానికి చాలా సాయం చేస్తుంది.

కాళ్ళకు చెప్పులు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడగడం, గోళ్ళు తీయడం తప్పనిసరి. నులిపురుగులు మట్టి నుంచే వస్తాయి. అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర మానకండి. 16 నుంచి 24 నెలల మధ్య ఒకసారి, 5, 6 ఏళ్ళ మధ్య ఇంకోసారి వేసే డీపీటీ బూస్టరు ధనుర్వాతం నుంచి కూడా కాపాడుతుంది. కార్డు తీసి చూసుకోండి.

దుకాణంలో కొన్న విత్తనాలకు గులాబీ రంగో, నీలం రంగో పూత ఉంటే అది మందు. వాటిని పిల్ల చేతికి ఇవ్వకండి. ఆముదం గింజ, ఉమ్మెత్త కాయ విషం. చూడటానికి ఆట వస్తువుల్లా ఉంటాయి కాబట్టి పిల్ల తిరిగే చోట ఉంచకండి. రాళ్ళ గుట్ట, కట్టెల మోపు ముందు పెద్దవాళ్ళే కదపాలి.

ఇంకొక సంగతి. మన ఆడపిల్లల్లో, చిన్నపిల్లల్లో రక్తహీనత ఎంత ఉందో మేము రోజూ చూస్తున్నాం. మాత్రలు అవసరమే. వాటితో పాటు పెరట్లో ఒక మునగ చెట్టు, ఒక మడి తోటకూర ఉంటే వారానికి మూడు నాలుగు పూటలు ఆకుకూర ఖర్చు లేకుండా కంచంలోకి వస్తుంది.

గింజతో పాటు మాట

మన సంఘంలో ఒక్క తెగ వాళ్ళమే లేము. ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు ఉన్నారు. కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర, కోయ మాట్లాడేవాళ్ళు ఉన్నారు. సవర భాషను కాగితం మీదికి తేవడానికి గిడుగు రామమూర్తి గారు ఎంత కష్టపడ్డారో మీకు తెలుసు. 1931లో ఆయన సవర భాష మీద రాసిన పుస్తకం అచ్చయింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు మాతృభాషా బోధన మొదలుపెట్టారు. ఇవి గొప్ప పనులు. అయితే పుస్తకంలో ఉన్న మాట డబ్బాలో దాచిన విత్తనం లాంటిది. ఎవరో ఒకరు తీసి విత్తాలి.

పెరడు ఆ మాటలు విత్తే చోటు. మొలకకు ఒక మాట, రెండాకుల మొక్కకు ఒక మాట, పాకే తీగకు ఒక మాట, లేత పిందెకు ఒక మాట, ముదిరిన కాయకు ఒక మాట, పుచ్చిన గింజకు ఒక మాట ఉంటుంది మన భాషల్లో. గదిలో కూర్చుని ఈ మాటలు నేర్పబోతే పిల్ల ఆవలిస్తుంది. పీకుతున్న కలుపు చేతిలో ఉండగా చెబితే అప్పటికప్పుడే పట్టేస్తుంది. మా ఇంట్లో మేమిద్దరం తెలుగుకు అలవాటు పడిపోయాం. నాయనమ్మ వచ్చిందంటే పెరట్లో మాత్రం మన మాటే మాట్లాడాలని నియమం పెట్టుకున్నాం. మాకు తెలియని మాటలు పాపకు వస్తున్నాయి. తనే మాకు చెబుతోంది.

మన ఇళ్ళలో కొత్త పండుగ చేయకుండా కొత్త పంట నోట్లో పెట్టుకోం. కళ్ళెదుట చిక్కుడుకాయ వేలాడుతుంటే ఎందుకు తినకూడదని పాప అడుగుతుంది. ముందు పెద్దలకు పెట్టాలి, వాళ్ళు దాచి ఇచ్చిన గింజే కదా ఇది అని నాయనమ్మ చెబుతుంది. మాకు ఇంకొకటి కూడా తోస్తుంది. అందరూ ఆగితే కాయ ముదిరే సమయం దొరుకుతుంది, గింజకు గింజ మిగులుతుంది. పెద్దలకు మర్యాద, వచ్చే ఏటికి విత్తనం, రెండూ ఒకే ఆచారంలో ఉన్నాయి.

విత్తనం దాచుకోవడం

మా నాయనమ్మ దగ్గర మూడు రకాల చిక్కుడు గింజలు ఉన్నాయి. నల్లనివి, ఎర్ర అంచువి, పిట్ట గుడ్డులా చుక్కలున్నవి. ఆమె చిన్నప్పుడు ఇంకా ఉండేవట. వాటి రుచి చెబుతుంది, పేర్లు చెబుతుంది, గింజ మాత్రం లేదు. ఎవరూ తీసుకెళ్ళి ఎక్కడా పారేయలేదు. ఒక ఏడాది వేయలేదు, ఇంకో ఏడాది పుచ్చిపోయింది, అంతే. విత్తనం అలాగే పోతుంది, చప్పుడు లేకుండా.

దాచడం ఎలాగో మీరు నేర్చుకోండి, పక్కన పిల్లను కూర్చోబెట్టుకోండి. బలంగా ఉన్న తీగ మీద బాగా నిండిన కాయలకు పది పన్నెండింటికి ఎర్ర దారం కట్టాలి. ఆ దారం కట్టిన కాయ కోయకూడదని పిల్లకు చెబితే అదే కాపలా కాస్తుంది. తీగ మీదే ఎండనివ్వాలి. కాయ ఊపితే గింజ గలగలమనాలి. ఒలిచి నీడలో వారం రోజులు ఆరబెట్టాలి. కొరికితే పన్ను దిగకుండా టక్కుమనాలి. జల్లించిన బూడిద కలిపి ఎండిన ఆనపబుర్రలోనో సీసాలోనో పోసి, గాలి చొరకుండా మూత పెట్టి, పొయ్యి పైన అటక మీద పెట్టాలి. పొగ సోకే చోట పురుగు తక్కువ.

చిక్కుడు, రాజ్మా, టమాటా చాలావరకు తమ పువ్వులోనే తాము ఫలదీకరణ చెందుతాయి. కాబట్టి గింజ తల్లిలాగే వస్తుంది. గుమ్మడి, ఆనప అలా కాదు. తేనెటీగ ఊరంతా తిరిగి పుప్పొడి తెస్తుంది, పక్కింటి రకంతో కలిసిపోవచ్చు. ప్యాకెట్ మీద హైబ్రిడ్ అని ఉంటే దాని గింజ దాచినా రెండో ఏడు అదే పంట రాదు. ఈ మూడు సంగతులు గుర్తుంటే చాలు.

సొంత విత్తనం దాచుకోవడం, వేసుకోవడం, ఇచ్చిపుచ్చుకోవడం మన హక్కు కూడా. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ఆ మాట స్పష్టంగా చెబుతోంది. మన కొండలకు పక్కనే ఉన్న ఒడిశా కోరాపుట్ జిల్లాలో కమలా పూజారి అనే ఆదివాసీ రైతు నాటు వరి విత్తనాలు సేకరించి కాపాడుతూ వచ్చింది. 2019లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆమె కన్నుమూసింది. ఆమె కాపాడిన గింజలు మాత్రం మొలుస్తూనే ఉన్నాయి.

మీకు మా ప్రతిపాదన

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకు ఇంకా పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు, మాకెందుకు ఇదంతా అనుకోకండి. మీకు ఒక అవకాశం ఉంది, అది అమ్మానాన్నలకు కూడా లేదు. మీ సెలవులు సరిగ్గా పెరడు క్యాలెండరు మీదే పడ్డాయి.

దసరా సెలవులకు ఇంటికి వస్తారు. వచ్చిన మొదటి రెండు రోజులు నిద్రపోండి, స్నేహితుల్ని కలవండి, మేము కాదనం. మూడో రోజు పొద్దున్న ఇంట్లో ఉన్న చిన్నపిల్లను చంకనెత్తుకుని పెరట్లోకి నడవండి. మంచమంత జాగా తవ్వండి. గత్తం కలపండి. మూడు రకాలు చాలు: త్వరగా వచ్చే ముల్లంగి, కోసేకొద్దీ వచ్చే ఆకుకూర, సంక్రాంతికి గింజ పట్టే రాజ్మా. పిల్ల మడి పిల్లకు ఇవ్వండి. నాయనమ్మ దగ్గర ఏ విత్తనం ఉందో అడిగి పేరు, ఎప్పుడు వేయాలి, ఎలా దాచాలి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. ఆమె మాటల్లోనే ఫోనులో రికార్డు చేయండి.

సెలవులు అయ్యాక మీరు వెళ్ళిపోతారు. నీళ్ళు పోసేది ఆ చిన్నదే. ఇంటికి ఫోను చేసినప్పుడు భోంచేశావా, బాగున్నావా అన్న తర్వాత మాటలు అయిపోతుంటాయి కదా. ఈసారి మొలక ఎంత వచ్చింది, పువ్వు రంగేమిటి, ఎవరి కోడి వచ్చి కెలికింది అని అడగండి. నాలుగేళ్ళ పిల్ల ఫోను వదలదు. సంక్రాంతికి మీరు వచ్చేసరికి ముల్లంగి తినేసి ఉంటారు, ఫరవాలేదు. రాజ్మా ఎండి ఉంటుంది. ఇద్దరూ కలిసి ఒలవండి. సగం వండుకోండి, సగం దాచండి.

విశాఖలో, హైదరాబాదులో గదుల్లో ఉంటున్నవాళ్ళు పాత పెయింటు బకెట్టు బాగా కడిగి, అడుగున నాలుగు చిల్లులు పెట్టి, డాబా మీద మెంతి వేసుకోండి. పక్కింటి పిల్లను పిలవండి. మన విత్తనం సంగతి వాళ్ళకూ తెలియనివ్వండి.

సంఘం పెద్దలకు ఒక విన్నపం. వచ్చే సమావేశానికి వచ్చే ప్రతి ఇల్లూ ఒక పిడికెడు నాటు విత్తనం, దాని పేరు రాసిన చీటీ తీసుకురావాలని చెప్పండి. పేరు ఇంటి భాషలో రాయాలి. ఎవరికి లేనిది వాళ్ళు తీసుకెళ్ళాలి. తీసుకెళ్ళినవాళ్ళు మరుసటి ఏడు రెండు పిడికిళ్ళు తిరిగి ఇవ్వాలి. దీనికి నిధులు అక్కర్లేదు, అనుమతులు అక్కర్లేదు. మా వంతుగా నాయనమ్మ ఇచ్చిన మూడు చిక్కుళ్ళూ తెస్తాం. చీటీలు రాయడం మా పాపకు ఇంకా రాదు కాబట్టి బొమ్మలు తను వేస్తుంది, పేర్లు మేము రాస్తాం.

దసరా ఎంతో దూరంలో లేదు. ఇంట్లో బొరిగె ఎక్కడుందో చూసుకోండి. 

జోహార్.